రేణిగుంట నుండి కడపకు



రాజంపేట, నందలూరు ప్రాంతములో మేము ఏడు సంవత్సరములు సంఘ కాపరిగా వున్నాము. కువైట్‌కు మనిషిని పంపని వీధి ఆ పల్లెలలో మాకు కనిపించలేదు. ఆదివారము ఆరాధనలో ప్రార్థన మనవుల చీటీలు చదివేటప్పుడు సగము చీటీలలో అకామా, కఫీలు, జీతము రాలేదు అన్న మాటలే వుండేవి. మొదట్లో ఆ మాటలకు అర్థము మాకు తెలియక ప్రక్కనున్న పెద్దలను అడిగి తెలుసుకొని ప్రార్థించేవారము. తరువాత మేము చిత్తూరు వైపు బదిలీ అయి వచ్చినా, ఆ కుటుంబములతో సంబంధము తెగిపోలేదు. పెండ్లికీ చావుకీ ఇప్పటికీ కబురు వస్తూనే వుంటుంది.

2023 ఆగస్టులో ఒక రాత్రి పది గంటలకు అలాంటి కబురే వచ్చింది. ఫోను చేసినవాడు ఆ రోజుల్లో మేము బాప్తిస్మమిచ్చిన యౌవనుడు. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పని చేస్తున్నాడు.

"అయ్యగారూ, అమ్మకు బాగలేదంట. డాక్టరు ఇంటికి తీసుకొని పొమ్మన్నాడంట. నేను టికెట్టు తీసినాను. తెల్లారేసరికి హైదరాబాదులో దిగుతా. ఆడినుంచి కడప ఇమానంలో రేపటికి సీటు లేదంటాండారు. తిరుపతికి ఉంది. తిరుపతి నుంచి కడపకు నలభై నిమిషాలే అని నా ఫోనులో చూపిస్తాంది. ఆ టికెట్టు మీరు యాడన్నా తీసి పెడతారా?"

వాని ఊరు నందలూరు దాటిన తరువాత లోపలికి వుంటుంది. అక్కడి నుండి కడప పట్టణము నలభై కిలోమీటర్ల చిల్లర. తిరుపతి నూరు కిలోమీటర్లు. అందుచేత కడప విమానాశ్రయములో దిగితే తల్లి దగ్గరకు త్వరగా చేరవచ్చునని వాని ఆశ. తప్పు లేదు. కాని తిరుపతికీ కడపకూ మధ్య ఆ రోజుల్లో విమానము నడవటము లేదు. వాని ఫోను చూపించినది టికెట్టు కాదు, కేవలము ఒక లెక్క. రెండు విమానాశ్రయముల మధ్య గీత గీస్తే ఎంత దూరము, ఆ దూరము ఎగరటానికి ఎంతసేపు అన్న లెక్క. ఆ మాట మేము చెప్పినప్పుడు అవతల కొంతసేపు శబ్దము లేదు. "మరి నలభై నిమిషాలని రాసినారు కదయ్యగారూ" అన్నాడు.

"నాయనా, నీవు తిరుపతికే రా. మేము కారు తీసుకొని రేణిగుంటలో వుంటాము" అని చెప్పాము. ఆ తరువాత పదకొండున్నర వరకు ఫోనులోనే గడిచింది. ఏ విమానము, ఎన్ని గంటలకు, సామాను ఎంత, ఎవరి కారు, డీజిలు ఎవరు పోయిస్తారు. సామాను దగ్గర ఒక చిక్కు వచ్చింది. కువైట్ నుండి వచ్చే టికెట్టు మీద ముప్పై కిలోలు తెచ్చుకొనవచ్చును. హైదరాబాదు నుండి తిరుపతికి వేరే టికెట్టు, దాని మీద పదిహేను కిలోలే. మిగిలిన వాటికి కిలో చొప్పున రుసుము కట్టాలి. రెండు టికెట్లు వేరువేరుగా తీసుకొనే మనవాళ్ళు చాలామంది ఈ సంగతి హైదరాబాదు కౌంటరు దగ్గరకు వచ్చాకనే తెలుసుకుంటారు. వాడు ఒక పెట్టె కువైట్‌లోని స్నేహితుని గదిలో వదిలి బయలుదేరాడు.

మరునాడు ఎనిమిది గంటలకు మా సంఘస్థుడు ఒకరి కారులో చిత్తూరు నుండి బయలుదేరి పది గంటలకు రేణిగుంట చేరాము. పేరు తిరుపతి విమానాశ్రయమే గాని అది తిరుపతి పట్టణములో లేదు. రేణిగుంట దగ్గర, పట్టణమునకు పదిహేను కిలోమీటర్ల దూరములో వున్నది. ఇప్పుడున్న పెద్ద భవనము 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించినది. టికెట్టు లేనివారిని లోపలికి రానివ్వరు. బయట నీడ చూసుకొని నిలబడ్డాము. విమానము రావటానికి ఇంకా గంటకు పైగా వున్నది. ఆ యౌవనుడు "నలభై నిమిషాలని రాసినారు కదా" అన్న మాట మనస్సులో మెదలుతూనే వున్నది. డైరీ వెనుక పేజీలో మేమూ ఒక లెక్క వేశాము. వ్యవసాయ కుటుంబములలో ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా వస్తున్నది గనుక దానిని ఇక్కడ వివరముగా వ్రాస్తున్నాము.

భూమి మీద ఒక డిగ్రీ ఉత్తరమునకు వెళ్ళితే సుమారు 111 కిలోమీటర్లు. రేణిగుంట కంటె కడప ఒక డిగ్రీకి కొంచెము తక్కువగా ఉత్తరమునా, ముప్పాతిక డిగ్రీ పడమరనా వున్నది. అనగా 97 కిలోమీటర్లు పైకి, 83 కిలోమీటర్లు ఎడమకు. హైస్కూలులో నేర్చుకొన్న లంబకోణ త్రిభుజము గుర్తున్నవారు ఆ రెంటినీ వర్గము చేసి కూడి వర్గమూలము తీస్తే సూటి దారి వస్తుంది. అది 128 కిలోమీటర్లు. పైలట్లు కిలోమీటర్లు వాడరు. వారి మైలు వేరు, దానిని నాటికల్ మైలు అంటారు, 1.852 కిలోమీటర్లు. వారి లెక్కలో ఇది 69 మైళ్ళు.

మరి నలభై నిమిషములు ఎక్కడ నుండి వచ్చాయి? ఇంజనీరింగు చదివిన మా మేనల్లునికి అక్కడ నుండే ఫోను చేసి అడిగాము. "మామయ్యా, పెద్ద జెట్ విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు పోతుందని పెట్టుకొని భాగించి ఉంటారు. పది నిమిషాలొస్తుంది. ఎక్కేదానికి దిగేదానికి ఇంకో అరగంట కలిపి ఉంటారు" అన్నాడు. కాని మన చిన్న విమానాశ్రయముల మధ్య ఎక్కువగా తిరిగేది రెండు రెక్కలకు రెండు పంకాలున్న ఏటీఆర్. డెబ్బై మంది చిల్లర కూర్చుంటారు. దాని వేగము గంటకు సుమారు అయిదు వందల కిలోమీటర్లు. అదైనా పూర్తిగా పైకి లేచిన తరువాతనే. 128 కిలోమీటర్లలో అది పైకి లేవటము ముగిసేసరికే క్రిందికి దిగటము ప్రారంభించాలి. గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా లేచి, ఎదురుగా దిగాలి గనుక గీత గీసినట్లు సూటిగా వెళ్ళదు, చుట్టు తిరుగుతుంది. రన్‌వే మీద నేలనే నడిచే సమయము వేరు. ఇన్నీ కూడితే నలభై నిమిషములు అబద్ధమేమీ కాదు. ఆ మాటకు వస్తే ఆ లెక్క నిజాయితీగానే వున్నది.

అయితే అది విమానము యొక్క లెక్క, మనిషిది కాదు. విమానము మన వాకిట్లో నుండి లేవదు గదా! చిత్తూరు మనిషి ఈ దారిన నందలూరు వెళ్ళాలనుకొందాము. చిత్తూరు నుండి రేణిగుంట రెండు గంటలు. సామాను ఇచ్చే కౌంటరు విమానము లేచే సమయమునకు గంట ముందే మూసివేస్తారు, కాబట్టి గంటన్నర ముందైనా అక్కడ వుండాలి. ఆకాశములో నలభై నిమిషములు. దిగి సామాను తీసుకొనటానికి ఇరవై నిమిషములు. కడప విమానాశ్రయము పట్టణము అవతల వున్నది. అక్కడ నుండి పట్టణములోకి వచ్చి, తిరుపతి రోడ్డు పట్టుకొని, వచ్చిన వైపే వెనుకకు నందలూరు రావాలి. అది గంటంబావు. మొత్తము అయిదు గంటల ముప్పాతిక. అదే చిత్తూరులో కారెక్కి సూటిగా వెళ్ళితే నాలుగు గంటలు. ఇక రైలు సంగతి చూడండి. రేణిగుంట నుండి కడపకు ఇనుప దారి కూడా ఇంచుమించు 125 కిలోమీటర్లే, అనగా ఆకాశపు గీతకు దీనికీ పెద్ద భేదము లేదు. ఎక్స్‌ప్రెస్ బండి రెండు, రెండున్నర గంటలలో చేరుస్తుంది. 1860ల్లో మద్రాసు రైల్వే వారు బాలపల్లె అడవిలో కొండల సందు చూసుకొని వేసిన మార్గమిది. ఎడ్లబండి గంటకు రెండు మూడు మైళ్ళు నడిచే కాలములో ఆ దారి కనిపెట్టినవారి చూపు మెచ్చుకొనదగినది.

అయితే హైదరాబాదు నుండి తిరుపతికి మాట వేరు. ఆ గీత 416 కిలోమీటర్లు. విమానములో గంటా పది నిమిషములు. రైలులో పన్నెండు గంటలు. అక్కడ ముందూ వెనుకా పోయే నాలుగు గంటలు కలుపుకొన్నా విమానమే నెగ్గుతుంది. నూరు, నూట యాభై కిలోమీటర్ల దగ్గర ఓడిపోతుంది. మా లెక్క ప్రకారము మన ప్రాంతములో మూడు వందల కిలోమీటర్ల లోపు ప్రయాణమునకు విమానము కోసము అప్పు చేయటము తెలివి కాదు. ఇది మా అభిప్రాయము మాత్రమే, డబ్బున్నవారిని మేము ఆపటము లేదు.

ఇంత చిన్న దూరములలో విమానములు అసలే నడవవని కాదు. స్కాట్లాండు ఉత్తరమున ఓర్క్‌నీ దీవులలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవులున్నాయి. వాటి మధ్య 1967 నుండి విమానము నడుస్తున్నది. దూరము మూడు కిలోమీటర్లు కూడా లేదు. టైము టేబులులో రెండు నిమిషములు అని వుంటుంది, గాలి అనుకూలముగా వుంటే అంతకంటె ముందే దిగుతుంది. లోకములో అన్నిటికంటె చిన్న విమాన ప్రయాణము అదేనట. అక్కడ ఎందుకు నడుస్తుంది? మధ్యలో సముద్రము వున్నది గనుక. టీచరూ నర్సూ అందులోనే వెళ్ళి వస్తారు. మన రేణిగుంటకూ కడపకూ మధ్య సముద్రము లేదు. రోడ్డున్నది, రైలున్నది.

ఒక్కసారి మాత్రము సముద్రము వచ్చింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట, గుండ్లూరు గ్రామముల మీద నీళ్ళు పడ్డాయి. చాలామంది చనిపోయారు. నందలూరు వైపు ఆర్టీసీ బస్సులు నీళ్ళలో చిక్కుకొన్నాయి, రైలు కట్ట కొట్టుకొని పోయి పట్టాలు గాలిలో వ్రేలాడాయి. కొన్ని దినములు రేణిగుంట నుండి కడపకు ఆ దారిన బండి లేదు, బస్సు లేదు. ఆ వారములో మా సంఘము వారు బియ్యము, దుప్పట్లు పోగు చేస్తే, పీలేరు, రాయచోటి మీదుగా చుట్టు తిరిగి కడపకు వెళ్ళి, అక్కడ నుండి క్రిందికి వచ్చాము. చిత్తూరులో చీకటితో బయలుదేరినవారము చేరేసరికి మరల చీకటి పడింది. ఆ దినమున మాకు నలభై నిమిషముల విమానము వున్నట్లయితే ఎంత బాగుండునో అనిపించింది. కాని దాని కోసము దినమూ ఖాళీగా విమానము నడిపేవారు ఎవరు?

నడిపి చూసినవారు లేకపోలేదు. కడప విమానాశ్రయము చాలా కాలము మూలనపడి వుండి, 2015 జూన్ 7న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు చేతుల మీదుగా మరల తెరుచుకొన్నది. అప్పుడు బెంగుళూరు నుండి ఎయిర్ పెగాసస్ అనే చిన్న కంపెనీ విమానము వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ కంపెనీ ఆగిపోయింది. తరువాత కేంద్ర ప్రభుత్వము ఉడాన్ పథకము పెట్టింది. గంటసేపటి ప్రయాణమునకు కొన్ని సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలి, కంపెనీకి వచ్చే నష్టమును ప్రభుత్వము భరించాలి అని అందులోని ఏర్పాటు. 2017 ఏప్రిల్ 27న ఆ పథకము క్రింద మొదటి విమానములను సిమ్లాలో ప్రధానమంత్రి ప్రారంభించినప్పుడు, సిమ్లా నుండి ఢిల్లీకి వెళ్ళేదానితో పాటు కడప నుండి హైదరాబాదుకు వెళ్ళే ట్రూజెట్ విమానము కూడా వున్నది. దేశములో మొదటి వరుసలో మన కడప నిలిచిందని మా సంఘములో ఆ ఆదివారము ఒక పెద్దాయన సాక్ష్యము చెప్పినట్లు చెప్పాడు. ఆ ట్రూజెట్టూ 2022లో ఎగరటము మానివేసింది. అదే సంవత్సరము మార్చి నుండి ఇండిగో వారు కడపకు వచ్చారు. మన చిన్న విమానాశ్రయముల కథ ఇట్లానే వుంటుంది. రంగురంగుల రిబ్బను, తరువాత ఖాళీ సీట్లు, తరువాత తాళము, మరల రిబ్బను. అందుకే ఎవరైనా ప్రయాణము పెట్టుకొంటే నిరుటి టైము మీద ఆధారపడక, ఆ వారమున ఆ విమానము నడుస్తున్నదో లేదో అడిగి తెలుసుకొని బయలుదేరాలి.

ఇంకొక వింత. విమానాశ్రయములకు మూడక్షరముల గుర్తులుంటాయి, సామాను చీటీ మీద అవే వేస్తారు. తిరుపతికి టి.ఐ.ఆర్. కడపకు సి.డి.పి. కడపలో 'సి' ఎక్కడ వున్నది అంటారేమో. దొరలు వ్రాసిన పాత కుడప్పా స్పెల్లింగులో వున్నది. 2005లో ప్రభుత్వము ఆ స్పెల్లింగు మార్చినా సామాను చీటీ మీద మారలేదు.

ఇట్లా వ్రాసుకొంటూ వుండగా పదకొండు దాటిన తరువాత కొండల వైపు నుండి మ్రోత వినిపించింది. పంకాల విమానము. దిగింది. పదకొండు ముప్పై అయిదుకు వాడు భుజాన ఒక సంచి, చేతిలో ఒక పెట్టెతో బయటకు వచ్చి మా చేతులు పట్టుకొని, "ఉందా అయ్యగారూ?" అన్నాడు. "ఉన్నది నాయనా, ఇప్పుడే ఫోను చేశాము" అన్నాము.

కరకంబాడి, మామండూరు దాటిన తరువాత అడవి మొదలవుతుంది. బాలపల్లె దగ్గర రోడ్డు, రైలు ఒకదాని ప్రక్క ఒకటి నడుస్తాయి. రెండు వైపులా శేషాచలం కొండలు, ఎర్రచందనము చెట్లు, అటవీ శాఖ చెక్‌పోస్టు. మామూలు రోజులలో ఆ దారిలో మేము మాటలాడుతూనే వుంటాము. ఆ దినము ఎవ్వరమూ మాటలాడలేదు. లారీలు ఒకదాని వెనుక ఒకటి. ముందున్నదానిని దాటితే ఇంకొకటి. ఆకాశములో గంటకు అయిదు వందల కిలోమీటర్లు వచ్చినవాడు అక్కడ గంటకు నలభై వెళ్ళుతున్నాడు. వాడు వాచీ చూసుకోవటము, మేము చూడనట్లు వుండటము.

కోడూరు చేరేసరికి ఒంటిగంట. అక్కడ అరటి, బొప్పాయి, మామిడి లారీలకెక్కించే మండీలు రోడ్డు అంచు వరకు వుంటాయి. అన్నము తిందామంటే వద్దన్నాడు. ఒక అరటి హస్తము కొని కారులో వేసుకొన్నాము. కొంత దూరము పోయాక ఓబులవారిపల్లె వైపు మంగంపేట ముగ్గురాయి గనుల తిప్పలు కనిపిస్తాయి. పుల్లంపేట. రాజంపేటలో రెండు గంటలు. తాళ్ళపాక దగ్గర అన్నమాచార్యుని నిలువెత్తు విగ్రహము చూడగానే, వాడు మొదటిసారి నోరు తెరిచి, "ఇంక అరగంటే" అన్నాడు. రెండూ నలభైకి వాని ఇంటి ముందు దిగాము.

ఆ తల్లి కొడుకును గుర్తుపట్టింది. పేరు పెట్టి పిలిచింది. చెయ్యి పట్టుకొని విడువలేదు. మేము వాక్యము చదివి ప్రార్థించాము. నాలుగు గంటలకు ఆమె ప్రభువునందు నిద్రించింది.

వానికి ఒక అక్క వున్నది. వి.కోట అవతల పల్లెలో కాపురము. ఆ వైపు పని మీద వెళ్ళినప్పుడెల్లా మేము ఆమె ఇంట్లో మజ్జిగ త్రాగినవారమే. ఆమె నంబరు మా డైరీలోనే వున్నది. ముందటి రాత్రి పది నుండి పదకొండున్నర వరకు మేము విమానముల గురించి మాటలాడామే గాని, ఆమెకు ఫోను చేయాలని మాకు తోచలేదు. ఇంటివారు తమ్ముడు చేశాడనుకొన్నారు. తమ్ముడు ఇంటివారు చేశారనుకొన్నాడు. మేము ఇద్దరిలో ఎవరో చేసి వుంటారనుకొన్నాము. ఉదయము ఏడున్నరకు కారులో నీళ్ళ సీసాలు పెడుతూ వుండగా మా ఇంటి అమ్మగారు, "ఆ పిల్ల ఎక్కడి దాకా వచ్చిందో" అన్నారు. అప్పుడు చేశాము. ఆమె ఆవు దగ్గర వున్నది. ఒక్క క్షణము ఆగి, "పాలు పోసి వచ్చేస్తా అయ్యగారూ" అన్నది.

ఎనిమిదిన్నరకు వి.కోటలో బస్సెక్కింది. పలమనేరులో మారింది. మొగిలి ఘాటు దిగి చిత్తూరు వచ్చేసరికి పదకొండుంబావు. సరిగ్గా ఆ సమయమునకు వాళ్ళ తమ్ముడు రేణిగుంటలో దిగుతున్నాడు. ఆమె చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు కోసము నిలబడి వున్నది. తిరుపతిలో రాజంపేట బస్సు. రాజంపేట నుండి ఇంకొక బస్సు, ఆ తరువాత ఆటో. మొత్తము రెండు వందల యాభై కిలోమీటర్ల లోపే. తొమ్మిది గంటలు పట్టింది. రాత్రే చెప్పి వున్నట్లయితే అయిదు గంటల బస్సుకు వచ్చి ఎనిమిదికి చిత్తూరులో వుండేది. మా కారులో వెనుక సీటు రేణిగుంట వరకు ఖాళీగానే వచ్చింది.

అయిదున్నరకు ఆటో దిగింది. వాకిట్లో చెప్పులు, బయట వేస్తున్న షామియానా చూసి అక్కడే నిలబడిపోయింది. తమ్ముడు ఎదురు వెళ్ళి పట్టుకొన్నాడు. తరువాత జరిగినది వ్రాయనవసరము లేదు, అలాంటి వాకిళ్ళలో మీరూ నిలబడినవారే.

భూస్థాపన మరునాడు పదకొండు గంటలకని పెద్దలు నిర్ణయించారు. రాత్రి పాటలు పాడుతూ వుండగా మధ్యలో ఆమె వచ్చి మా ప్రక్కన అరుగు మీద కూర్చున్నది. మా డైరీ మా ఒడిలోనే వున్నది, వెనుక పేజీలో ఆ లెక్కలన్నీ వున్నాయి. మేము దానిని మూసి జేబులో పెట్టుకొన్నాము.

"రాత్రే ఒక ఫోను చేసింటే బాగుండు అయ్యగారూ" అన్నది. కోపముగా అనలేదు.

"మాదే తప్పమ్మా" అన్నాము.

కొంతసేపు ఊరుకొన్నది. లోపల తమ్ముడు తల్లి తల దగ్గర కూర్చొని వున్నాడు, కువైట్‌లో వేసుకొన్న చొక్కాతోనే.

"కువైటు ఎంత దూరముంటాది అయ్యగారూ?"

"మూడు వేల కిలోమీటర్లకు పైనేనమ్మా."

ఆమె తల వూపి, లేచి, చెంబు తీసుకొని కాళ్ళు కడుక్కోవటానికి తొట్టి దగ్గరకు వెళ్ళింది.